దోహా ప్రయాణానికి ముందు

దసరా సెలవుల్లో ఖతార్ రాజధాని దోహా చూసి రావాలని సంకల్పం. టిక్కెట్టు ఇంకా కొనలేదు. యాత్రాపుస్తకాలు మొదట చూపేవి రెండు: సముద్రపుటొడ్డున 2008లో వెలసిన ఇస్లామిక్ కళల మ్యూజియం, ఎడారి గులాబీ ఆకారంలో 2019లో తెరిచిన జాతీయ మ్యూజియం. రెండూ చూడదగ్గవే, సౌందర్యంతో నాకు పేచీ లేదు.

అయితే నా జాబితాలో ముందున్నది ముషైరిబ్‌లోని బిన్ జల్మూద్ ఇల్లు. ఒకనాటి బానిసల వర్తకుడి ఇల్లది. 2015 నుంచి బానిసత్వ చరిత్ర చెప్పే మ్యూజియం. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1952లో, అంటే మన తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిసిన ఏడు. ముత్యాల వేటలో బానిసలూ మునిగేవారు, స్వతంత్రులూ మునిగేవారు. ఈ స్వతంత్రుడు పడవ నాయకుడి దగ్గర ముందే అప్పు పుచ్చుకుని, అది తీరక మరుసటి వేసవికీ అదే పడవ ఎక్కేవాడు.

ఈ అప్పు సంగతి కరీంనగర్ అధ్యాపకుడికి ఎవరూ వివరించనక్కరలేదు. డిగ్రీ రెండో ఏట చదువు మానిన నా విద్యార్థి ఒకడు వడ్డీకి తెచ్చి, ఏజెంటుకు లక్షన్నర కట్టి దోహా వెళ్లాడు. నాబోటి యాత్రికుడికి ముందస్తు వీసాయే అక్కరలేదని ఖతార్ 2017లో ప్రకటించింది! యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు 2020లో చట్టమైంది. మంచిదే, ఊళ్లో వడ్డీని మాత్రం ఆ చట్టం ఆపలేదు.

అతనికి సెలవు శుక్రవారమొక్కటే. "మా క్యాంపుకెందుకు సార్, నేనే సముద్రం కాడికొస్త" అన్నాడు ఫోనులో. క్యాంపులుండే పారిశ్రామికవాడ నా యాత్రాపుస్తకంలో లేదు. దారి చెప్పమన్నాను. ఒక శుక్రవారం అతని గదికి, మరొక శుక్రవారం ఇద్దరం కలిసి ఆ వర్తకుడి ఇంటికి. రెండు శుక్రవారాలు పడే తేదీలు వెతుకుతున్నాను.