త్రీ నాట్ త్రీ చాలదా?

ఆస్ట్రేలియాలోని క్లైడ్ నార్త్‌లో స్థిరపడి, సరదాకి గురి నేర్చుకోవాలనుకునే తెలుగువారికి పాతకాలపు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మీద మోజు కలగడం సహజమే. కానీ 1996లో పోర్ట్ ఆర్థర్‌ కాల్పుల్లో 35 మంది బలయ్యాక చట్టాలు బిగిశాయి. వినోదం కోసమంటే విక్టోరియాలో అలాంటి రైఫిల్‌కు లైసెన్సు రాదు. మరి సెమీ ఆటోమేటిక్ కాకపోతే మజా ఏముందంటారా? మన పోలీసుల భుజాన తరాలపాటు వేలాడిన త్రీ నాట్ త్రీ రైఫిల్‌నే చూడండి. ఇక్కడి లిత్‌గోలోనూ, మన ఇషాపూర్‌లోనూ తయారైన ఆ లీ ఎన్‌ఫీల్డ్‌లో పది తూటాలు పడతాయి. బోల్ట్ ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు ఎగిరిపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కుతుంది. ప్రతిసారీ గురి మళ్లీ కుదుర్చుకోవాలి. ఆటలో పసంతా అదే. తూటాల ఖర్చెక్కువన్న మాట మాత్రం నిజం. అందుకే ముందు పాయింట్ టూ టూ బోల్ట్ రైఫిల్‌తో మొదలుపెట్టండి.