కాఫీ యంత్రం మొరాయించిన ఉదయం

జంషెడ్‌పూర్ నగరంలో గోల్‌మురి అనే పేట ఉంది. అక్కడ పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వారికి తెల్లవారుజామున నిద్ర లేవడం కర్మాగారం నేర్పిన అలవాటు. ఉద్యోగం ముగిసి ఏళ్లు గడిచినా అది మనిషిని విడిచిపెట్టదు. డెబ్బై ఏడేళ్ల ఆ పెద్దాయన ఆనాడు కూడా నాలుగున్నరకే లేచారు. ముఖం కడుక్కుని, దేవుడి పటానికి నమస్కరించి, వంటింట్లోకి వెళ్లి కాఫీ యంత్రంలో నీళ్లు పోశారు. జల్లెడ గిన్నెలో పొడి వేసి మీట నొక్కారు. ఎర్రదీపం వెలిగింది. లోపల ఏదో గురగురమన్నది. పక్క నుండి సన్నగా ఆవిరి వచ్చింది. పది నిమిషాలు గడిచినా గాజు పాత్రలో ఒక్క చుక్క పడలేదు.

కాఫీ లేకపోతే లోకం ఆగిపోదు. కాని ఆయన ముఖంలో కనిపించినది కాఫీ దొరకలేదన్న చిరాకు కాదు, భయం.

భార్య పోయిన తరువాత ఆయన ఒంటరిగానే ఉంటున్నారు. ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఇత్తడి ఫిల్టరే. రాత్రి పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి పడుకుంటే తెల్లారేసరికి చిక్కటి డికాషను సిద్ధం. ఆమె తరువాత ఆ పని ఆయన మీద పడింది. చేతులు కొద్దిగా వణకడం మొదలైన రోజులవి. ఒక చలికాలపు రాత్రి మరిగే నీళ్లు మణికట్టు మీద ఒలికాయి. బొబ్బలు మానడానికి మూడు వారాలు పట్టింది. హైదరాబాదులో ఉంటున్న కొడుకు పరుగున వచ్చాడు. వెళ్లేముందు ఈ యంత్రం కొనిపెట్టి, మెల్లగానే అయినా స్పష్టంగా చెప్పాడు: “నాన్నా, ఇకమీద పొయ్యి మీద నీళ్లు కాచవద్దు. ఇది కూడా కుదరకపోతే మీరు మా దగ్గరికి వచ్చేయాలి. ఇక్కడ ఒక్కరే ఉండడానికి నేను ఒప్పుకోను.”

కొడుకు ప్రేమతోనే అన్నాడు. కాని గోల్‌మురి విడిచి వెళ్లడమంటే ఆయనకు వేళ్లు పెరికినట్లే. ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతపు పల్లె నుండి ఆమదాలవలసలో రైలెక్కి, ఖరగ్‌పూర్ మీదుగా టాటానగర్ చేరినవాడు. అలా వచ్చినవారు వేలమంది. 1907లో స్థాపితమైన ఉక్కు సంస్థ, దాని చుట్టూ వెలసిన పరిశ్రమలు ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నింటికో అన్నం పెట్టాయి. గోల్‌మురిలో తగరపు పూత రేకుల కర్మాగారానికి 1920లో అంకురార్పణ జరిగింది. టిస్కోతో పాటు బర్మా ఆయిల్ కంపెనీ అందులో భాగస్వామి. తెలుగు ఇళ్లలో ఒకనాడు నీళ్లు మోయడానికి, బియ్యం దాచుకోవడానికి వాడుకున్న కిరసనాయిలు డబ్బాలు అటువంటి రేకుతో చేసినవే. ఆ కర్మాగారం 2024లో టాటా స్టీల్‌లో విలీనమైంది. తండ్రి తరువాత ఈయన కూడా అక్కడే పనిచేశారు. బిష్టుపూర్ రామమందిరంలో పండుగలు, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు, ఇదే ఆయన లోకం.

అందుచేత ఆ ఉదయం ఆయన కొడుక్కి ఫోను చేయలేదు. యంత్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

పనివాడి బుద్ధి చేతులకంటే ముందు కదలాలి. మొదట ప్రశ్న విద్యుత్తుది. దీపం వెలుగుతున్నది, గాజు పాత్ర కింది పళ్లెం వేడెక్కుతున్నది. ఇటువంటి యంత్రాల్లో పళ్లేన్ని వేడిచేసేదీ, నీటిని మరిగించేదీ ఒకే తీగె. కనుక తీగెకు లోపం లేదు. రెండో అనుమానం పొడి మీద. చికోరీ కలిసిన మెత్తటి పొడి జల్లెడ కన్నాలకు అడ్డుపడటం మామూలే. ఆయన గిన్నె తీసివేసి ఉత్త నీళ్లతో నడిపి చూశారు. అప్పుడూ చుక్క రాలేదు. తొట్టిలో పోసిన నీళ్లు పోసినట్లే ఉన్నాయి. అంటే దోషం నీటి దారిలో ఉన్నది.

ఆ దారి చాలా సులువైనది. ఇటువంటి ఇంటి యంత్రాల్లో నీటిని పైకి తోడే మోటారు ఉండదు. తొట్టి అడుగున ఒక చిన్న రంధ్రం, అందులో నీటిని ఒకే వైపు పోనిచ్చే కవాటం ఉంటాయి. అక్కడ నుండి నీళ్లు సన్నటి లోహపు గొట్టంలోకి దిగుతాయి. తీగె వేడికి గొట్టంలో నీరు మరిగి బుడగలు కడుతుంది. వెనక్కి పోవడానికి కవాటం ఒప్పుకోదు గనుక ఆ బుడగలు నీటిని పైకి నెడతాయి. అది కాఫీ పొడి మీద జల్లులా పడుతుంది. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి ఇత్తడి పాత్రకు చిల్లులు పొడిచి, కొడుకు నోటు పుస్తకంలోని అద్దుడు కాగితం పరచి కాఫీ వడకట్టింది. 1954లో ఆ దేశంలోనే విద్యుత్తుతో నడిచే వడపోత యంత్రం వచ్చింది. మన ఫిల్టరుకు వారూ దూరపు చుట్టాలే.

గొట్టంలో అడ్డేమిటో ఆయనకు పొయ్యి పక్కనున్న పాత కెటిల్ చెప్పింది. దాని అడుగున తెల్లటి పెచ్చు కట్టి ఉన్నది. వేసవి అంతా కుళాయి నీరు చాలక ఆయన బోరు నీళ్లే వాడారు. అటువంటి గరుకు నీటిలో సున్నపు లవణాలు కరిగి ఉంటాయి. వేడి తగలగానే అవి రాయిలా గట్టిపడి గొట్టం గోడలకు అంటుకుంటాయి. రోజుకు ఒక పొర. కంటికి కనిపించదు, ఒకనాడు దారి మూసుకుపోతుంది.

అప్పుడాయన చిన్నగా నవ్వుకున్నారు. ఉద్యోగ జీవితంలో ఆయన పనిచేసినది పిక్లింగ్ విభాగంలో. ఉక్కు రేకు మీద తగరం అంటాలంటే ముందు దాని మీది తుప్పు పొరను ఆమ్లంలో ముంచి తొలగించాలి. పొర తేడా కావచ్చు, సూత్రం ఒకటే.

స్నానాల గదిలో ఘాటైన ఆమ్లం సీసా ఉన్నది. చేయి దాని వైపు వెళ్లి ఆగింది. పనిలో చేరిన కొత్తలో పెద్ద మేస్త్రీ నేర్పిన పాఠం గుర్తుకు వచ్చింది: ఆమ్లానికి పొర ఏదో లోహం ఏదో తెలియదు; పొర అయిపోతే రేకునే తింటుంది. అటువంటి ఘాటు ఆమ్లం అల్యూమినియం గొట్టాన్ని కూడా తినేస్తుంది. పైగా కాఫీ తాగే పాత్రలో అది చేరరాదు.

తెల్లవారాక ఆయన కిరాణా కొట్టుకు వెళ్లి నిమ్మ ఉప్పు తెచ్చారు. ప్లగ్గు ఊడదీసి, లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాలు కరిగించి తొట్టిలో పోసి గంటసేపు వదిలేశారు. నడుమ నడుమ యంత్రాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపారు. తరువాత ప్లగ్గు పెట్టి మీట నొక్కారు. గురగుర తప్ప ఏమీ లేదు. ఆపి, అరగంట ఆగి, మళ్లీ నొక్కారు. మూడోసారి ఒక దగ్గు లాంటి శబ్దం వచ్చింది. ఒక చుక్క పడింది. వెంట మరొకటి. ఆపైన తెల్లటి నలుసులతో మురికి నీరు బుసబుసమంటూ దిగింది.

పులుపు పోయేదాకా మంచినీళ్లతో మూడుసార్లు నడిపారు. జల్లెడ గిన్నెను సబ్బుతో తోమారు. పదకొండు గంటలకు కాఫీ తయారైంది. అలవాటు కొద్దీ రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ గూట్లో పెట్టారు.

సాయంత్రం కొడుకు ఫోను చేసినప్పుడు దాచాలని అనిపించలేదు. జరిగినదంతా చెప్పారు, ఉదయం భయపడి చెప్పలేదన్న మాట కూడా. అవతల కొంతసేపు నిశ్శబ్దం.

“పొయ్యి వెలిగించారా నాన్నా?”

“లేదురా. గోరువెచ్చని నీళ్లు గీజరువే.”

మళ్లీ నిశ్శబ్దం. తరువాత కొడుకు గొంతు మారింది. “మా ఇంట్లోనూ బోరు నీళ్లే. కెటిల్ అడుగున తెల్లగా ఏదో పేరుకుంది, నీళ్లు కాగడానికి బాగా సమయం పడుతున్నది. నిమ్మ ఉప్పు ఎన్ని చెంచాలన్నారు?”

ఆయన నిదానంగా, ఒక్కొక్క మెట్టూ వివరించి చెప్పారు. కొడుకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. హైదరాబాదు వచ్చేయమన్న మాట ఆనాడు రాలేదు.

ఫోను పెట్టేశాక ఆయన గోడ మీది తెలుగు క్యాలెండరు దగ్గరికి వెళ్లారు. రాబోయే నెల మొదటి ఆదివారం గడిలో, వణికే చేత్తోనే, “నిమ్మ ఉప్పు” అని రాసుకున్నారు.