క్యాసెట్ ఆగదు
1995లో జరిగిన అమ్మానాన్నల పెళ్లి మా ఇంట్లో ఒక్క వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లోనే ఉంది. నానమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ గొంతు మిగిలింది కూడా అందులోనే. టేపు మీది అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బతింటుంది.

అందుకే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కొన్నా. దాంతో వచ్చిన డ్రైవర్ విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. నా పాత ల్యాప్‌టాప్‌లోని విండోస్ 10 దాన్ని ఒప్పుకోలేదు. లినక్స్ వేశా. ఆ చిప్‌కి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది!

తర్వాత చిక్కు ప్రాసెసర్‌తో. పాల్ వీడియో అంటే సెకనుకి 25 ఫ్రేములు. కంప్రెస్ చేయకపోతే సెకనుకి 20 ఎంబీ పైనే. యూఎస్‌బీ 2.0కి అది తేలికే కానీ, అప్పటికప్పుడు కంప్రెస్ చేయమంటే ప్రాసెసర్ ఆయాసపడి ఫ్రేములు వదిలేస్తోంది. ముందు రికార్డింగ్, రాత్రికి కంప్రెషన్ అని పని విడగొట్టా. గంట వీడియోకి 75 జీబీ దాకా ఖాళీ ఉంచుకుంటే చాలు.

తలంబ్రాల దగ్గర నానమ్మ నవ్వు విని, అమ్మ మళ్లీ వెయ్యమంది.

మీ అటక మీదా క్యాసెట్ ఉంటే, కంప్యూటర్ పాతదని ఆగకండి. మీరు ఆగినా అది ఆగదు.