దుకాణాల వెలుతురులో ఒక ముఖం

జీన్ మోరో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ‘జూల్ ఎ జిమ్’ (1962)లో దొంగమీసం గీయించుకుని, టోపీ పెట్టుకుని వంతెన మీద పరుగు తీసిన చిలిపి మనిషి. నాకు మాత్రం అంతకు నాలుగేళ్ళ ముందు పారిస్ వీధుల్లో రాత్రంతా తిరిగిన ఆవిడే ముందు కనిపిస్తుంది. లూయీ మాల్ తీసిన ‘ఎలివేటర్ టు ది గాలోస్’ అది. ఆమె మొగుణ్ణి చంపొచ్చిన ప్రియుడు లిఫ్టులో ఇరుక్కుపోయాడు. ఆ సంగతి ఆమెకు తెలీదు. అతని కారు మాత్రం కళ్ళముందే వెళ్ళిపోయింది, లోపల ఎవరో కుర్రపిల్ల!

ఆ వెతుకులాటకు కెమెరామన్ ఆన్రీ దెకే సినిమా లైట్లు వాడలేదు. షాంజెలీజేలో దుకాణాల అద్దాల్లోంచి పడే వెలుతురే దిక్కు. కెమెరాను చంటిపిల్లల బండిలో పెట్టి ఆమె ముందు నడిపించారు. మేకప్ లేదు. కళ్ళకింద నలుపు, కిందికి వాలిన పెదవుల కొసలు, వానకు తడిసిన జుట్టు ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి. నెగెటివ్ కడిగిన ల్యాబువాళ్ళు, ఈమెను పాడుచేస్తున్నారని గోలపెట్టారట. పాపం, అంతకుముందు సినిమాల్లో ఆ నీడల్ని చెరపడానికి ఎంత పౌడరు ఖర్చయిందో! దీని మీదికి మైల్స్ డేవిస్ తన బృందంతో ఒక్క రాత్రిలో వాయించిన ట్రంపెట్టు.

ఆ సినిమాతోనే ఆమె నటి అయిందంటే నేనొప్పుకోను. అప్పటికే పదేళ్ళ నాటకం ఉంది వెనకాల. తల్లి ఇంగ్లీషు నర్తకి. తండ్రికి మాత్రం కూతురు రంగస్థలం ఎక్కడం ససేమిరా ఇష్టం లేదు. అయినా 1947లో మొదటి అవిన్యోఁ నాటకోత్సవంలో ఉంది. ఇరవై ఏళ్ళకే కొమెదీ ఫ్రాన్సేజ్‌లో చేరింది. అంత పెద్ద సంస్థలో కొలువు దొరికితే ఎవరైనా వదులుకుంటారా? ఆమె వదిలేసి, జాఁ విలార్ నడిపే జాతీయ ప్రజా నాటకశాలకు వెళ్ళింది. 1956లో పీటర్ బ్రూక్ పారిస్‌లో ఆడించిన టెనెస్సీ విలియమ్స్ నాటకంలో మ్యాగీ వేసింది. మాల్ ఆమెను గుర్తుపట్టింది అక్కడేనంటారు. మాట లేకుండా అంతసేపు నడిచి మనల్ని కదలనివ్వకపోవడం కెమెరా నేర్పిన విద్య కాదు.

1960లో కాన్‌లో ఉత్తమ నటి అవార్డు, ఆ తర్వాత ఆంతోనియోనీ, వెల్స్, బున్యుయెల్... ఆ జాబితా అందరికీ తెలిసిందే. నన్ను ఆపేది 1986. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, హెర్మన్ బ్రోఖ్ కథలోని ముసలి పనిమనిషి జెర్లీన్‌గా మళ్ళీ రంగస్థలం ఎక్కింది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అద్దెకున్నాయనకు తన పాత ప్రేమల గొడవంతా ఏకబిగిన చెప్పుకుపోతుందా మనిషి. భారమంతా ఒక్క మోరో గొంతు మీదే. 1988లో దానికే మోలియేర్ బహుమతి ఇచ్చారు.