చదరపు అడుగు ధరలో చెప్పని లెక్క

ఇల్లు కొనేవాడి కాగితాలను బ్యాంకు ఒకటికి రెండుసార్లు చూస్తుంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, నిర్మాణ అనుమతి, లీగల్ ఒపీనియన్, ఆపైన వాల్యూయర్ రిపోర్టు. ఇన్ని చూసినా, ఆ నేలలో ఇంతకుముందు ఏం పారబోశారు, ప్రహరీ అవతల ట్యాంకుల్లో ఏం నిల్వ ఉంది అని మాత్రం అడగదు. అప్పు తీర్చేది కొనేవాడే, ఆ గాలి పీల్చేదీ వాడే. కాబట్టి ఆ ప్రశ్నలూ వాడే వేసుకోవాలి. హైదరాబాద్‌లో ఫ్లాటు వెతుక్కున్న ఈ వ్యాసకర్త కుటుంబం బేరం కంటే ముందు ఈ పని పెట్టుకుంది.

వాళ్ల ముందు రెండు ఫ్లాట్లున్నాయి. మొదటిది జీడిమెట్ల వైపు, మూతపడ్డ ఓ ఫ్యాక్టరీ స్థలంలో లేస్తున్న టవర్లలో. రెండోది ఇంకాస్త దూరం, గదులు చిన్నవి, పైగా ధర 12 లక్షలు ఎక్కువ. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే ఆ 12 లక్షలకే నెలకు దాదాపు 10,400 రూపాయల ఈఎంఐ పడుతుంది. అప్పు తీరేసరికి కట్టేది 25 లక్షలు. జీతం మీద నడిచే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అంత చవకగా ఎందుకిస్తున్నారో తేల్చుకోకుండా మొదటి ఫ్లాటును వదులుకోవడానికి వాళ్లకు మనసొప్పలేదు.

సేల్స్ ఆఫీసులో దొరకని జవాబు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో దొరికింది. "వాన పడ్డ రాత్రి వాసన ఎక్కువొస్తది సారూ. కిటికీలు మూసుకొని పంటం" అంది కొట్టు నడిపే ఆమె. వాసన మూతపడ్డ ఫ్యాక్టరీది కాదు, రెండు వీధుల అవతల ఇంకా నడుస్తున్న వాటిది. బిల్డర్లు సైటు చూపించేది ఆదివారం పగటిపూట. వీళ్లు పొద్దుపోయాక మళ్లీ వెళ్లారు. కారు అద్దం దించగానే ముక్కు మండింది.

ఫ్యాక్టరీ పక్కన ఇల్లంటే భయం వాసన ఒక్కదానితో పోదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది ఎవరూ మరిచిపోయే సంగతి కాదు. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఎగదన్ని, నిద్రలో ఉన్న ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది ఊరి వెలుపల ఉండేది. తర్వాత ఊరే దాని గోడ దాకా పెరిగింది. పరిమితికి మించి ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే సంస్థలు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కలవాళ్లకు ముందే తెలియజేయాలని 1989 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. జీడిమెట్ల వీధుల్లో వాకబు చేస్తే అలాంటి కాగితం చూశామన్నవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

ఇక కాగితాలు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి కట్టే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. దరఖాస్తులో 15 కిలోమీటర్ల లోపు ఇప్పటికే కాలుష్యానికి గురైన ప్రాంతాలున్నాయా అని సూటిగా అడుగుతారు. పరివేశ్ పోర్టల్లో ఆ దరఖాస్తు తెరిస్తే, పారిశ్రామికవాడ నడుమ లేస్తున్న టవర్లకు ఆ గడిలో 'లేదు' అని రాసి ఉంది! ఆ ఒక్క మాటతో బిల్డర్ చెప్పిన మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలింది.

తర్వాత సైటు బోరునీళ్లు గుర్తింపు ఉన్న ల్యాబుకు వెళ్లాయి. కొన్ని వేల రూపాయల ఖర్చు. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఈ నీళ్లు ఆ రెండో గీత కూడా దాటాయి. మంజీర నీళ్లు వస్తాయని బ్రోచర్‌లో ఉంది, ఎప్పుడన్నది లేదు. అప్పటిదాకా ట్యాంకర్లే గతి. ఆ బిల్లు మెయింటెనెన్స్‌లో కలిపి చూస్తే 12 లక్షల లాభంలో కొంత అక్కడే కరిగిపోయింది.

మట్టి సంగతి ఇంకా చిక్కు. పాత ఫ్యాక్టరీ ఏం తయారుచేసేది, సాల్వెంట్ ట్యాంకులు నేలకింద ఉండేవా అని అడిగితే "అదంతా క్లీన్ చేసేశాం సార్" అన్నారు. మట్టి పరీక్ష రిపోర్టు మాత్రం చూపలేదు. ఇది ఒక్క బిల్డర్‌తో పోయే సమస్య కాదు. కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరీక్షించినప్పుడు సీసం, క్రోమియం, ఆర్సెనిక్ కలిసినట్టు తేలింది. 2025 నవంబరులో తెలంగాణ తెచ్చిన హిల్ట్ విధానం జీడిమెట్ల, బాలానగర్, నాచారం వంటి పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్లకూ ఇతర అవసరాలకూ మార్చుకునే దారి తెరిచింది. అదే ఏడాది జులైలో కలుషిత స్థలాల మీద కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కలుషితం చేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది వాటి సారం. మట్టి రిపోర్టు బయట పెట్టకుండా ఇలాంటి స్థలంలో ఒక్క ఫ్లాటు కూడా అమ్మనివ్వకూడదు. పిల్లలు ఆడుకునేది ఆ మట్టిలోనే.

బీమా ఉంది కదా అంటారు కొందరు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీ అగ్నిప్రమాదానికి, పేలుడుకు, వరదకు వర్తిస్తుంది. అదిచ్చేది కట్టడాన్ని తిరిగి కట్టుకునే ఖర్చు. పక్క ఫ్యాక్టరీ వాసనకు రీసేల్ ధర పడిపోతే, నేలలో విషం ఉందని కొనేవాళ్లు వెనక్కి తగ్గితే, ఆ నష్టానికి పాలసీలో చోటు లేదు.

రెరా చట్టం ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు. వ్యాసకర్త కుటుంబం ఆ పది శాతం కూడా ఇవ్వలేదు. పిల్లాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. లెక్కలన్నీ పక్కన పెట్టినా ఆ ఒక్క కారణం చాలు. నెలకు 10,400 ఎక్కువైనా రెండో ఫ్లాటే తీసుకున్నారు. ఈఎంఐకి సర్దుబాటుగా కారు మార్చే ఆలోచన వాయిదా పడింది.

అక్కడా ఊరికే కూర్చోలేదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లలో తొమ్మిది మంది ఆ రోజే ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొత్త ఇంటి సెల్లార్‌లో ఇంటీరియర్ పనివాళ్లు థిన్నర్ డబ్బాలు, ఫోమ్ షీట్లు మెట్ల పక్కనే పేర్చి ఉంచారు. అసోసియేషన్ తొలి సమావేశంలోనే ఆ విషయం లేవనెత్తి, ఏ రోజుకు కావలసిన థిన్నర్ ఆ రోజే తెచ్చుకోవాలని, సాయంత్రానికి మిగిలింది గేటు దాటాలని తీర్మానం చేయించారు. వాచ్‌మన్ దగ్గర ఇప్పుడు దానికో రిజిస్టరు ఉంది.