పిల్లలమర్రికి ఎడ్లబండ్ల ప్రయాణం

పాలమూరు పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రి పేరు వినని కుటుంబం మన వైపు ఉండదు. సుమారు మూడెకరాల నేల మీద పరచుకొన్న ఒకే ఒక్క చెట్టు అది. వయస్సు ఏడు వందల ఏండ్లకు పైమాటే అంటారు. దూరం నుండి పచ్చని గుట్టలా కనిపిస్తుంది. దగ్గరికి పోతే గాని అది చెట్టని తెలియదు. కొమ్మ నుండి ఊడ దిగుతుంది. ఊడ నేలను తాకి వేరూనుతుంది. కొన్నేండ్లకు అదే మానై తన పైనున్న కొమ్మను మోస్తుంది. మొదటి మాను ఏదో ఇప్పుడు ఎవరూ చూపించలేరు. పిల్లలే తల్లిని మోస్తున్న చెట్టు గనుక ఆ పేరు తగినదే.

పట్టణం నుండి ఆటోలో అయితే పది పదిహేను నిమిషాల పని. 2016 డిసెంబర్ 26, సోమవారం నాడు మేము మాత్రం మా ఊరి నుండి ఎడ్లబండ్ల మీద వెళ్లాము. క్రిస్మస్ మరునాడు గనుక పిల్లలకు సెలవు, ఇండ్లల్లో గారెలు, అరిసెలు మిగిలి ఉన్నాయి. పదో తరగతి కలిసి చదివిన నలుగురు మిత్రులం కుటుంబాలతో బయలుదేరాము. బండ్లు రెండు. నాలుగో మిత్రుడు పట్టణంలో పెండ్లి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి ఇస్తాడు. మేమంతా అతనిని భాయి అంటాము. ముందు రోజు సాయంత్రమే కుటుంబాన్ని తీసుకొని గుర్రం మీద తాను మా ఊరు చేరాడు.

తెల్లవారుజామున మంచు పడుతుండగా బండ్లు కట్టాము. ఎడ్ల నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. మాకు పన్నెండు కిలోమీటర్ల దారి. త్వరపడేవారికి ఆ ప్రయాణం పనికిరాదు. కాని ఆ నడకలోనే మన నేల కంటికి కనిపిస్తుంది. ఎర్రని చెలక భూములు, ఏనుగులు పడుకున్నట్లుండే బండరాళ్లు, గట్ల మీద తంగేడు పూలు, కోతకు వచ్చిన కంది చేలు, మంచులో తడిసిన వేరుశనగ. కృష్ణానది తెలంగాణలో అడుగు పెట్టేది ఉమ్మడి పాలమూరు జిల్లాలోనే. అయినా వానలు తక్కువైన ఏటల్లా ఈ పల్లెల వారు మూటలు కట్టుకొని దూరదేశాలు పోయారు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి మోసిన పాలమూరు కూలీల పేరు దేశమంతటా తెలుసు.

బస్సులు లేని కాలంలో ఇవే బాటల మీద తహసీల్దార్లు గుర్రాల మీద, రైతులు బండ్ల మీద తిరిగారు. 1890లో నల్లగొండకు వచ్చిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ కాలంలో ఊరూరా తిరిగే బోధకులకు కూడా బండి, గుర్రం, కాలినడక తప్ప వేరే సాధనం లేదు. ఆ సంవత్సరమే పాలమూరు పేరు నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్‌గా మారింది. జనం నోట మాత్రం పాలమూరు అనే మాట ఈనాటికీ పోలేదు.

దారిలో ఒక ఊరి దగ్గర ఎవరి ఇంటనో డప్పు మోగింది. అంతే! భాయి గుర్రం పెండ్లి వచ్చిందనుకొని బాట నడుమ కాళ్లెత్తి ఆడసాగింది. "నీ యవ్వ, కిరాయి లేకుంటనే ఆడుతున్నవా!" అని భాయి బతిమాలినా వినలేదు. పిల్లలు బండి దిగి దాని ముందు తామూ ఆడారు. ఆ ఊరి ముసలవ్వ ఒకామె, "పెండ్లికొడుకు ఏడి బిడ్డా?" అని అడిగింది.

పది గంటలకు చెట్టు కిందికి చేరాము. అక్కడ ఒక ముస్లిం సాధువు సమాధి ఉన్నది. పక్కన పురావస్తు శాఖ మ్యూజియం, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుండి తరలించి కట్టిన పాత గుడి ఉన్నాయి. పిల్లలు ఊడల నడుమ దాగుడుమూతలు ఆడారు. ఆడవారు జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, పచ్చిపులుసు విప్పారు. అందరం గుండ్రంగా కూర్చున్నాము.

రెండో బండి మా మిత్రుడిదే. ఆ జత ఎడ్లు అతనివే. భోజనం మధ్యలో అతడు మెల్లగా అన్నాడు: "ఎల్లుండి బుధవారం దేవరకద్ర సంతకు వీటిని కొట్టుకపోతున్న. మేస్త్రీ పూణె పనికి రమ్మంటుండు."

అందరి చేతులు ఆగిపోయాయి. నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయి ఇంకా రెండు నెలలు కాలేదు. సంతలో పశువులున్నాయి గాని కొనేవారి చేతిలో చెల్లే నోట్లు లేవు. సగం ధరకు అడుగుతున్నారని అతనే చెప్పాడు. అతని భార్య తల వంచుకొని, "ఎడ్లు పోతే కొట్టం బోసిపోతది. మేం పోతే ఇల్లే బోసిపోతది. పిల్లలను అవ్వ దగ్గర ఇడిసిపెట్టాలె" అన్నది.

పిల్లల పుస్తకాల ఖర్చు నేను చూస్తానన్నాను. "ధర్మం వద్దురా, పని కావాలె" అన్నాడతడు. ఆ మాట అందరికీ తగిలింది. అప్పుడు మొదటి బండి తోలిన మిత్రుడు లెక్క వేశాడు. "నా చేన్ల గుంటుక పని ట్రాక్టరుకు ఇద్దామనుకున్న. అది నువ్వు తోలు. పైసలు బ్యాంకుల నుంచి వచ్చినప్పుడు ఇస్త. అందాక గడ్డి, జొన్నలు నా కాడ తీసుకపో." భాయి కూడా అందుకొన్నాడు. "పట్నం పెండ్లిళ్లల్ల ఇప్పుడు సింగారించిన ఎడ్లబండి అడుగుతున్నరు. నా గుర్రానికి కిరాయి దొరికిన కాడ నీ బండికి గూడ మాట్లాడుత." అతడు అవుననలేదు, కాదనలేదు. లేచి ఎడ్లకు నీళ్లు పట్టడానికి వెళ్లాడు. చాలాసేపు వాటి మెడలు రాస్తూ నిలబడ్డాడు.

మూడు గంటలకు తిరుగు ప్రయాణం. చీకటి పడే వేళకు ఊరు చేరాము. బుధవారం అతడు సంతకు పోలేదు. వచ్చిన ఎండకాలం మూడు నెలలు ఒక్కడే పూణె వెళ్లి వచ్చాడు. భార్యాపిల్లలు ఇంట్లోనే ఉన్నారు. ఆ ఎడ్లు మరి రెండేండ్లు ఆ కొట్టంలోనే ఉన్నాయి. కష్టమంతా తీరిందని నేను చెప్పను. ఇల్లు మాత్రం బోసిపోలేదు.

మేము వెళ్లిన మరుసటి ఏడు డిసెంబర్‌లో పిల్లలమర్రికే ఆపద వచ్చింది. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడ్డాయి. సందర్శకులను లోపలికి రానివ్వలేదు. 2018లో, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు, సీసాలు కట్టి చుక్క చుక్కగా చెదల మందును మానులోనికి ఎక్కించారు. బరువైన కొమ్మల కింద గోడలు కట్టి ఆనించారు. లేత ఊడలు నేల చేరేవరకు గొట్టాలలోనుండి దింపారు. చెట్టు బ్రతికింది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన పలు దేశాల యువతులు కూడా వచ్చి దానిని చూశారు.

ఎంత పెద్ద మానైనా ఒంటరిగా అన్నేండ్లు నిలబడదు. లేత ఊడ ఒకటి నేల అందుకొనేవరకు ఎవరో ఒకరు దానిని కాపాడాలి. మన కుటుంబాలలో, మన ఊళ్లలో అటువంటి ఊడలు ఎన్ని వ్రేలాడుతున్నాయో చూచుకొందము. ఈ పండుగ సెలవులలో వీలైతే పాత మిత్రులను కలుపుకొని ఒక రోజు ఎక్కడికైనా వెళ్లండి. బండి దొరికితే బండి మీదనే వెళ్లండి. త్వరపడకండి. మెల్లగా నడిచే బండిలోనే మనిషి తన మనస్సులోని మాట బయటపెడతాడు.