లాడ్జిలో టిఫిన్, వీధిలో ఉగ్గాణి

"గది అద్దెలోనే టిఫిన్ కూడా ఉంది కదా, ఇక్కడే తినేద్దాం" అన్నారు మా ఆయన.

నిన్న అదే చేశాం. ఇడ్లీ, పూరీ, బ్రెడ్డు, జామ్. ఆదోనిలో కూర్చుని హైదరాబాద్ టిఫిన్ తిన్నాం.

ఈ రోజు పాపకి పాల కోసం పొద్దున్నే రోడ్డు మీదికొచ్చా. బండి దగ్గర ఒకామె బొరుగుల్ని నీళ్ళలో ముంచి, రెండు చేతులతో గట్టిగా పిండి తాలింపులో వేస్తోంది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు. పైన గుప్పెడు పుట్నాల పొడి. పక్క బాండీలో మిరపకాయ బజ్జీలు.

"బజ్జీలు ఎన్ని ఎయ్యమంటావక్కా?"

నిలబడే తిన్నా. మెత్తటి ఉగ్గాణి, మధ్యలో బజ్జీ కారం... కళ్ళలో నీళ్ళొచ్చాయి, అయినా ఆపలేదు.

ఉగ్గాణి అన్న పేరు వింటే కన్నడ ఒగ్గరణె గుర్తొస్తుంది, అంటే తాలింపు. బళ్ళారి వైపూ ఇదే తింటారు. సరిహద్దు ఊళ్ళ రుచి ఇది. లాడ్జి డైనింగ్ హాల్లో కూర్చుంటే నాకెలా తెలిసేది?

పసిపిల్లతో, పెద్దావిడతో ప్రయాణం. కడుపు పాడవుతుందేమోనన్న భయం నాకూ ఉంది. పాపకి ఇడ్లీ లాడ్జిలోనే పెట్టించా. కానీ కోట చూసి, రణమండల కొండెక్కి, ఈ ఊరివాళ్ళు పొద్దున ఏం తింటారో తెలుసుకోకుండా వెళ్ళిపోతే ఊరు చూసినట్టా?

పొట్లం కట్టించుకొచ్చా. అత్తయ్య అడిగి మరీ ఇంకాస్త పెట్టించుకున్నారు.

రేపు ఎమ్మిగనూరు, అట్నుంచి మంత్రాలయం. గదికి టిఫిన్ వద్దని చెప్పేశా.

ఎమ్మిగనూరు వాళ్ళెవరైనా ఉన్నారా? పొద్దున ఉగ్గాణికి ఏ వీధికి రమ్మంటారు?